సొంత పని, టూల్స్, అలవాట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకునేవాళ్లకూ, మొదలుపెట్టి నలిగిపోతున్నవాళ్లకూ తిరిగి తిరిగి అవే సందేహాలు వస్తుంటాయి. ఉద్యోగం ఎప్పుడు మానేయాలి, ఏ యాప్ వాడాలి, పొద్దున ఎన్నింటికి లేవాలి. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. నాకు యాప్‌ల మీద కంటే కస్టమర్ల మీద, లెక్కల పుస్తకం మీద, నిద్ర మీద నమ్మకం ఎక్కువ. జవాబుల్లో ఆ మొగ్గు కనిపిస్తుంది.

## మొదలుపెట్టక ముందు

ఉద్యోగం మానేస్తేనే సీరియస్‌గా చేయగలనా?

అక్కర్లేదు. వెనక్కి వెళ్లే దారి లేకపోతేనే గెలుస్తామన్న మాట వినడానికి బాగుంటుంది కానీ లెక్కలు వేరేగా ఉన్నాయి. జోసెఫ్ రాఫీ, జియే ఫెంగ్ అనే పరిశోధకులు అమెరికా సమాచారం ఆధారంగా 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఉద్యోగం చేస్తూనే వ్యాపారం మొదలుపెట్టి, తర్వాత పూర్తిగా అందులోకి వచ్చినవాళ్లు మధ్యలో చేతులెత్తేసే అవకాశం, ఒకేసారి ఉద్యోగం మానేసి దిగినవాళ్లతో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువని అందులో తేలింది. నైకీగా మారిన కంపెనీని 1964లో మొదలుపెట్టాక కూడా ఫిల్ నైట్ కొన్నేళ్లు అకౌంటెంట్‌గా జీతానికి పనిచేశారు. స్టీవ్ వోజ్నియాక్ మొదటి ఆపిల్ కంప్యూటర్ తయారు చేసేటప్పటికి హ్యూలెట్ ప్యాకార్డ్ ఉద్యోగి.

అయితే మీ ఉద్యోగ ఒప్పందం ఒకసారి తీసి చదవండి. బయటి పని చేయకూడదనో, ఉద్యోగంలో ఉండగా తయారుచేసినదంతా కంపెనీదేననో షరతు ఉండొచ్చు. ఆఫీసు లాప్‌టాప్‌లో సొంత పని ఒక్క ఫైలు కూడా చేయొద్దు. మానేయడానికి నేను చూసే గుర్తులు రెండే: ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండటం, అడక్కుండానే రెండోసారి కొనడానికి వచ్చే కస్టమర్లు కొందరైనా ఉండటం.

నలభై దాటాయి. నాకిప్పుడు ఆలస్యమైపోయిందా?

లేదు. పియర్ అజూలే, ఆయన సహ పరిశోధకులు అమెరికా జనగణన విభాగం రికార్డులతో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అత్యంత వేగంగా ఎదిగిన కొత్త కంపెనీల వ్యవస్థాపకుల సగటు వయసు, కంపెనీ పెట్టేనాటికి, 45. హాస్టల్ గదిలో కంపెనీ పెట్టిన కుర్రాళ్లు వార్తల్లో ఎక్కువ కనిపిస్తారు, అంతే.

ఐడియా బయటికి చెబితే ఎవరైనా కొట్టేస్తారేమో?

చాలామందికి వాళ్ల పనే వాళ్లకు తెమలదు. మీ ఐడియా ఎత్తుకెళ్లి రెండేళ్లు దాని మీద కూర్చునే ఓపిక ఎవరికుంది? దాచాల్సినవి వేరే ఉన్నాయి: కస్టమర్ల జాబితా, తయారీ పద్ధతి, కోడ్, సరుకు మీకు ఏ ధరకు వస్తోందనే వివరం. మిగతాది నలుగురికీ చెప్పండి, లోపాలు అప్పుడే బయటపడతాయి.

గిరాకీ ఉందో లేదో డబ్బు పెట్టకముందే తెలుసుకోవడం ఎలా?

"ఇలాంటిది వస్తే కొంటారా?" అని అడగొద్దు. మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు. జరిగిపోయిన దాని గురించి అడగండి. ఈ ఇబ్బంది చివరిసారి ఎప్పుడు వచ్చింది? అప్పుడేం చేశారు? ఎంత ఖర్చయింది? చివరిసారి ఎప్పుడో గుర్తు కూడా లేదన్నారంటే దానికి డబ్బు ఖర్చుపెట్టరని అర్థం.

తర్వాత, తయారుచేయకుండానే అమ్మి చూడండి. నిక్ స్విన్‌మర్న్ 1999లో ఆన్‌లైన్‌లో చెప్పులు, బూట్లు అమ్మాలనుకున్నప్పుడు సరుకు కొని గోదాము నింపలేదు. దుకాణాలకు వెళ్లి బూట్ల ఫొటోలు తీసి సైట్‌లో పెట్టారు. ఆర్డర్ వస్తే అదే దుకాణంలో కొని పంపారు. ప్రతి ఆర్డర్ మీదా నష్టమే అయినా, వేసుకుని చూడకుండా జనం బూట్లు కొంటారా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. అదే తర్వాత జాపోస్ అయింది. 2009లో అమెజాన్ దాన్ని కొంది.

మీ విషయంలో ఇది ఎలా ఉంటుందంటే, పళ్ల డాక్టర్ల కోసం అపాయింట్‌మెంట్ గుర్తుచేసే యాప్ చేద్దామనుకున్నారనుకుందాం. కోడ్ జోలికి పోకండి. ఒక్క క్లినిక్‌ను ఒప్పించి, రోజూ సాయంత్రం రేపటి పేషెంట్ల జాబితా తీసుకుని, మీ చేత్తో మీరే మెసేజ్‌లు పంపండి. రెండు వారాల్లో మీకు తెలిసేది యాప్ గురించి కాదు. ఎంతమంది రావడం మానేస్తున్నారు, ఎవరికి మెసేజ్ పంపినా లాభం లేదు, రిసెప్షన్‌లో ఉన్నావిడకు అసలు తలనొప్పి ఏది అన్నవి తెలుస్తాయి. మూడో వారం డబ్బులు అడగండి. ఇస్తే గిరాకీ ఉన్నట్టు. "చూద్దాం" అంటే లేనట్టే.

బిజినెస్ ప్లాన్ రాయాలా?

అప్పు ఇచ్చేవాళ్లో పెట్టుబడి పెట్టేవాళ్లో అడిగితే రాయండి. లేదంటే ఒక పేజీ చాలు: ఎవరికి, ఏం, ఎంతకు, ఒక్కో అమ్మకం మీద ఎంత మిగులుతుంది, నెల ఖర్చులు గట్టెక్కాలంటే ఎన్ని అమ్మాలి. ఐదేళ్ల ఆదాయం లెక్కలు కట్టడం సరదాగానే ఉంటుంది. అందులో నిజం మాత్రం తక్కువ.

ఫ్రెండ్‌తో కలిసి పెడుతున్నా. ముందే ఏం తేల్చుకోవాలి?

చెరిసగం అని చేతులు కలిపి మొదలుపెట్టడమే అన్నిటికన్నా మామూలుగా జరిగేది, అన్నిటికన్నా ఖరీదుగా తేలేదీ అదే. ఎనిమిదో నెలలో ఒకరు వేరే ఉద్యోగం వచ్చి వెళ్లిపోయారనుకోండి. కాగితం మీద సగం కంపెనీ వాళ్లదే. మిగిలినవారు పదేళ్లు కష్టపడి నిలబెట్టినా ఆ సగం అలాగే ఉంటుంది.

దీనికి విరుగుడుగా స్టార్టప్‌లు వాడే పద్ధతి వెస్టింగ్. వాటా మొత్తం మొదటి రోజే చేతికి రాదు, సాధారణంగా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా వస్తుంది. మొదటి ఏడాది పూర్తికాకముందే వెళ్లిపోతే ఏమీ రాదు, ఏడాది నిండిన రోజు నాలుగో వంతు వస్తుంది. ఈ షరతు ఇద్దరికీ వర్తించాలి. దీంతోపాటు జీతం ఎప్పటినుంచి, ఎవరెంత డబ్బు పెట్టారు, మాట కలవనప్పుడు ఏ విషయంలో ఎవరిది చివరి మాట అన్నవి రాసుకుని సంతకాలు పెట్టుకోండి. "మన మధ్య ఇవన్నీ ఎందుకురా" అని ఫ్రెండ్ అన్నాడంటే, సరిగ్గా అందుకే రాసుకోవాలి.

## మొదటి అమ్మకం, మొదటి డబ్బు

ధర ఎంత చెప్పాలో తెలియడం లేదు. తక్కువ చెబితే త్వరగా కస్టమర్లు వస్తారు కదా?

వస్తారు. కొత్తగా ఇంకొకరు ఇంకా తక్కువ చెప్పగానే వెళ్లిపోతారు కూడా.

సేవలు అమ్మేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఏడాదికి 52 వారాలు. సెలవులు, జ్వరాలు, ఇంటి పనులు తీసేస్తే 46 అనుకుందాం. వారానికి 40 గంటల చొప్పున 1,840 గంటలు. అందులో కొత్త పని వెతకడం, మెయిళ్లు, బిల్లులు, నేర్చుకోవడం పోను డబ్బులొచ్చే గంటలు 1,000 మిగిలితే గొప్పే. మీ ఇంటి ఖర్చు, పని ఖర్చు, పన్నులు, కొంత పొదుపు అన్నీ కలిపి ఆ వెయ్యితో భాగించండి. వచ్చిన అంకె గంటకు మీ కనీస ధర. జీతాన్ని నెల గంటలతో భాగించి రేటు చెప్పేవాళ్లు దాదాపు సగం ధరకే పని చేసి పెడుతున్నారన్నమాట.

వస్తువులు అమ్మేవాళ్లు డిస్కౌంట్ జోలికి పోయేముందు ఇది చూడండి. 100కి అమ్మే వస్తువు మీకు 70 పడుతోంది, మిగిలేది 30. పది శాతం తగ్గిస్తే మిగిలేది 20. ముందున్న లాభమే రావాలంటే ఇప్పుడు ఒకటిన్నర రెట్లు అమ్మాలి. పది శాతం తగ్గింపు పది శాతం అమ్మకాలతో పూడదు.

అమ్మకాలున్నాయి, లాభమూ ఉంది. చేతిలో డబ్బు ఎందుకుండట్లేదు?

లాభం అంటే కాగితం మీది లెక్క, డబ్బు అంటే బ్యాంకులో ఉన్నది. రెండూ ఒకే రోజు కలవవు. 70కి సరుకు కొని వెంటనే డబ్బు కట్టి, 100కి అరువు మీద అమ్మారు. కస్టమర్ 60 రోజులకు ఇస్తాడు. మొదటి నెల 1,000కి, రెండో నెల 2,000కి, మూడో నెల 4,000కి అమ్మారనుకుందాం. మొత్తం అమ్మకం 7,000, సరుకు ఖర్చు 4,900, లాభం 2,100. అందరూ అభినందిస్తారు. కానీ మూడో నెలలో చేతికొచ్చింది మొదటి నెల 1,000 మాత్రమే. బ్యాంకులో 3,900 లోటు. వ్యాపారం ఎంత వేగంగా పెరిగితే ఈ గొయ్యి అంత లోతవుతుంది. గిరాకీ బాగా ఉన్న వ్యాపారాలు కూడా మూతపడేది ఇలాగే.

సగం అడ్వాన్స్ అడగండి. సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర గడువు అడగండి. రాబోయే 13 వారాలకు, అంటే మూడు నెలలకు, ఏ వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని ఒక షీట్ పెట్టుకుని ప్రతి సోమవారం సరిదిద్దండి. నన్నడిగితే చిన్న వ్యాపారానికి ఉండాల్సిన అతి ముఖ్యమైన ప్రొడక్టివిటీ టూల్ ఈ షీటే.

ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు ఒకే ఖాతాలో ఉంటే ఏమవుతుంది?

వ్యాపారం లాభంలో ఉందో, మీ జీతం పొదుపే దాన్ని నడుపుతోందో ఎప్పటికీ తెలియదు. మొదటి రోజే వేరే ఖాతా తెరవండి. మీకు మీరే నెలకింత అని జీతం వేసుకోండి, చిన్న మొత్తమైనా సరే.

బిల్లు పంపి నెలైంది. గొడవ పడకుండా ఎలా అడగాలి?

క్షమాపణతో మొదలుపెట్టకండి. మీ డబ్బు మీరడుగుతున్నారు. ఇలా రాస్తే సరిపోతుంది: "నమస్తే అండీ. మార్చి 3న పంపిన 114 నంబరు బిల్లు గడువు నిన్నటితో అయిపోయింది. బిల్లు మళ్లీ జతచేశాను. ఏ తేదీకి చెల్లించగలరో చెబితే నేను దాన్ని బట్టి ప్లాన్ చేసుకుంటాను." తేదీ అడగడమే ఇందులో అసలు విషయం. "వీలైనంత త్వరగా" అంటే ఎవరికీ పట్టదు.

పెద్ద సంస్థల్లో మీకు పని ఇచ్చినవాళ్లు వేరు, డబ్బు విడుదల చేసేవాళ్లు వేరు. అకౌంట్స్ విభాగంలో ఎవరితో మాట్లాడాలో పని ఒప్పుకునేటప్పుడే అడిగి పెట్టుకోండి. రెండుసార్లు గుర్తుచేశాక కూడా రాకపోతే మెయిల్ మానేసి ఫోన్ చేయండి. పాత బాకీ తీరకుండా కొత్త పని మొదలుపెట్టొద్దు.

## టూల్స్

అన్నిటికన్నా మంచి ప్రొడక్టివిటీ యాప్ ఏది?

ఇప్పటికే మీరు రోజూ తెరుస్తున్నది. నోషన్, ట్రెల్లో, టుడూయిస్ట్, ఫోన్‌తో వచ్చిన నోట్స్, ఏదైనా పని జరుగుతుంది. టైమ్ ఉన్నవాటికి క్యాలెండర్, టైమ్ లేని పనులకు ఒక జాబితా, గుర్తుంచుకోవాల్సినవాటికి ఒక నోట్స్, డబ్బుకు ఒక షీట్. ఇంతకు మించి ఒంటరిగా పనిచేసేవాళ్లకు అవసరమయ్యేది తక్కువ.

ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒకటుంది. రాసిందంతా మామూలు ఫైలుగా బయటికి తీసుకోవచ్చా? యాప్‌లకు కూడా ఆయుష్షు ఉంటుంది. వార్తలు, బ్లాగులు ఒకచోట చదివే గూగుల్ రీడర్‌ను 2013లో మూసేశారు. పనుల జాబితాలు రాసుకునే వండర్‌లిస్ట్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో కొని 2020లో ఆపేసింది. లక్షల మంది జాబితాలు సర్దుకుని ఇంకోచోటికి మారాల్సి వచ్చింది.

యాప్‌లు మారుస్తూనే ఉంటాను. ఏదీ నెల దాటదు. నాలో లోపమా?

లోపం కాదు, తప్పించుకోవడం. రంగులు, ట్యాగులు, ఫోల్డర్లు సర్దుతుంటే పని చేస్తున్నట్టే ఉంటుంది, పైగా అందులో ఎవరూ మనకు కాదని చెప్పరు. మీ పాత యాప్‌లన్నీ ఒకసారి తెరిచి చూడండి. ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు మోసుకుంటూ వచ్చిన పని ఒకటో రెండో ఉంటాయి. సాధారణంగా అది ఎవరికో ఫోన్ చేయడమో, ధర చెప్పడమో, లెక్కలు చూడటమో అయి ఉంటుంది. ఆ పని చేసేదాకా కొత్త యాప్ దించుకోకండి.

కాగితం మీద రాసుకుంటే వెనకబడినట్టా?

కాదు. కాగితానికి నోటిఫికేషన్లు రావు. వెతకడం, పంచుకోవడం అవసరమైనవి మాత్రం ఫోన్‌లో పెట్టుకోండి.

స్ప్రెడ్‌షీట్ చాలా, సాఫ్ట్‌వేర్ కొనాలా?

1979లో వచ్చిన విజికాల్క్ నుంచి ఇప్పటిదాకా చిన్న వ్యాపారాలు స్ప్రెడ్‌షీట్ మీదే నడుస్తున్నాయి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఒకే నంబరుతో రెండు బిల్లులు వెళ్లినప్పుడు, స్టాక్ షీట్‌లో ఉన్నది అలమరలో లేనప్పుడు, "ఫైనల్", "ఫైనల్ 2", "అసలు ఫైనల్" అని ఫైళ్లు తయారైనప్పుడు సాఫ్ట్‌వేర్ కొనండి.

ఏఐ టూల్స్‌కి ఏ పనులు అప్పగించొచ్చు?

తప్పు వస్తే మీరు చూసి పట్టుకోగలిగినవి. మీటింగ్ నోట్స్ కుదించడం, మెయిల్ మొదటి చిత్తుప్రతి, ఒక పేరా ఐదు రకాలుగా రాయించడం, షీట్‌లో ఫార్ములా అడగడం. ఇవన్నీ బాగానే చేస్తాయి. ఈ టూల్స్ వెనకున్న భాషా మోడళ్లు తెలియనిదాన్ని కూడా తెలిసినంత ధీమాగా రాస్తాయి కాబట్టి పన్నుల నిబంధనలు, ఒప్పందం షరతులు, అంకెలు అసలు పత్రంతో సరిచూడకుండా వాడొద్దు. కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఆరోగ్య వివరాలు, పాస్‌వర్డ్‌లు అందులో అతికించొద్దు.

ఇంకో మాట. కస్టమర్‌కు కోపం వచ్చినప్పుడు జవాబు మీరే రాయండి. యంత్రం రాసిన మర్యాద ఇట్టే తెలిసిపోతుంది.

బ్యాకప్ ఎలా పెట్టుకోవాలి?

3-2-1 పద్ధతి: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి మాత్రం వేరే ప్రదేశంలో. మామూలు భాషలో చెప్పాలంటే లాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. క్లౌడ్‌లో సింక్ అవుతోంది కదా అని ఊరుకోవద్దు, ఇక్కడ పొరపాటున చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది. మూడు నెలలకోసారి ఏదో ఒక ఫైలును బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చి తెరిచి చూడండి. మెయిల్ ఖాతాకు రెండంచెల భద్రత పెట్టండి, ఎందుకంటే మిగతా అన్ని ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చే తాళం అదే.

## రోజు, సమయం, దృష్టి

విజయం సాధించాలంటే తెల్లవారుజామున నాలుగింటికి లేవాలా?

రాత్రి తొమ్మిదింటికి ముందే పడుకునే వీలుంటే లేవండి. అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘాలు 2015లో చేసిన సిఫారసు పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటలు. నిద్రలో రెండు గంటలు కోసి పొద్దున కలుపుకోవడం క్రమశిక్షణ కాదు, అప్పు. పైగా ఎవరికి ఏ వేళ చురుకుగా ఉంటుందనేది కొంత జన్యువుల్లోనే ఉంటుంది, వయసుతో మారుతుంది కూడా. లేచే టైమ్ ఏదైనా రోజూ ఒకటే ఉండేలా చూసుకోండి. మీ బుర్ర చురుగ్గా ఉండే రెండు గంటల్ని మెసేజ్‌లకు ధారపోయకుండా కష్టమైన పనికి ఇవ్వండి.

చేయాల్సిన పనుల జాబితా తరగకుండా పెరుగుతూనే ఉంది. ఏం చేయాలి?

జాబితాలో ఉన్నవి చాలావరకు పనులు కావు, బెంగలు. "వెబ్‌సైట్" అని రాసి ఉంటే దాన్ని చూసిన ప్రతిసారీ టెన్షన్ తప్ప ఏమీ కదలదు. "హోమ్ పేజీకి మూడు ఫొటోలు ఎంచి డిజైనర్‌కి పంపాలి" అని రాస్తే అరగంటలో తేలిపోతుంది. ఏం చేయాలో క్రియాపదంతో రాయండి. అలా రాయలేకపోతున్నారంటే ఇంకా ఆలోచించలేదని అర్థం. అప్పుడు "వెబ్‌సైట్ గురించి అరగంట ఆలోచించాలి" అన్నదే పని.

రెండో ఇబ్బంది అంచనా. ఒక పనికి పట్టే సమయాన్ని మనుషులు తరచూ తక్కువగానే ఊహిస్తారని మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వర్‌స్కీ 1979లోనే చెప్పారు. దానికి వాళ్లు సూచించిన మందు, ఈ పని ఎంత పడుతుందని ఊహించకుండా ఇలాంటి పని గతంలో ఎంత పట్టిందో చూడటం. గత ప్రపోజల్‌కు ఆరు గంటలు పడితే ఈసారి రెండు గంటల్లో అయిపోదు.

ఇంకా జాబితా పెద్దగానే ఉంటే కొన్ని కొట్టేయాలి. మూడు నెలలుగా కదలని పని పక్కన "ఇది చేయకపోతే ఏమవుతుంది?" అని రాసి నిజాయితీగా జవాబు రాయండి. ఏమీ కాదనే వస్తుంది చాలాసార్లు.

పొమొడోరో నాకు పనికిరావడం లేదు. 25 నిమిషాలకు అప్పుడే మూడ్ వస్తుంది.

ఫ్రాన్సిస్కో చిరిల్లో 1980ల చివర్లో విద్యార్థిగా ఉండగా వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతి ఇది. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, నాలుగైతే పెద్ద విరామం. మొదలుపెట్టడానికి బద్ధకించే పనికి ఇది బాగా పనికొస్తుంది. రాయడం, కోడింగ్, డిజైన్ లాంటివాటికి 50 నుంచి 90 నిమిషాలు పెట్టుకోండి. ఆ 25లో మహిమేమీ లేదు.

పని మధ్యలో ఎవరో ఒకరు కదిలిస్తుంటారు. మళ్లీ అందులోకి వెళ్లలేకపోతున్నా.

ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. కాబట్టి ఎవరైనా పిలిచినప్పుడు లేచే ముందు పది సెకన్లు తీసుకుని ఎక్కడ ఆగారో, తర్వాత ఏం చేయాలో ఒక వాక్యం రాసి లేవండి. "మూడో షీట్‌లో జూన్ వరకు సరిచూశా, జూలై నుంచి చూడాలి." తిరిగొచ్చాక అక్కడినుంచే పట్టుకోవచ్చు.

మెసేజ్‌లకు రోజులో రెండు మూడు వేళలు పెట్టుకుని, ఆ సంగతి అందరికీ చెప్పండి. నిజంగా అర్జెంటైతే ఫోన్ చేయమనండి. అర్జెంట్ అనుకున్నవాటిలో ఫోన్ దాకా వచ్చేవి ఎన్నో మీకే తెలుస్తుంది.

ఒకేసారి ఏడెనిమిది పనులు నడుస్తున్నాయి. ఏదీ పూర్తికాదు.

టొయోటా ఫ్యాక్టరీల్లో తాయిచీ ఓనో తెచ్చిన కాన్‌బాన్ పద్ధతి నుంచి ఒక్క నియమం తీసుకోండి. గోడ మీద మూడు గళ్లు: చేయాల్సినవి, జరుగుతున్నవి, అయిపోయినవి. మధ్య గడిలో మూడుకు మించి ఉండకూడదు. నాలుగోది రావాలంటే ఒకటి పూర్తవ్వాలి, లేదా వెనక్కి పోవాలి. మొదటి వారం ఊపిరాడనట్టే ఉంటుంది.

## అలవాట్లు, ఆరోగ్యం

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందట కదా?

ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో రాసిన పుస్తకంలో, ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటుపడటానికి జనానికి కనీసం 21 రోజులు పడుతోందని అన్నారు. చేతులు మారేసరికి "కనీసం" జారిపోయి, ముఖం కాస్తా అన్ని అలవాట్లూ అయిపోయింది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి వేసిన లెక్క ఇంకోలా ఉంది. ఒక పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మీకు మూడు వారాల్లో అలవాటు కాలేదంటే ఏదో తేడా జరిగిందనుకోకండి.

ఒక్క రోజు తప్పితే చాలు, ఇక మొత్తం వదిలేస్తాను.

లాలీ అధ్యయనంలోనే, ఒక రోజు తప్పడం వల్ల అలవాటు ఏర్పడటానికి పెద్ద ఆటంకం ఏమీ కాలేదని కూడా తేలింది. చెడగొట్టేది తప్పిన రోజు కాదు, దాని తర్వాతి రోజు మనం వేసుకునే శిక్ష. "నిన్న నడవలేదు కాబట్టి ఇవాళ రెట్టింపు నడవాలి" అనుకుంటే ఇవాళా నడవరు. ప్రతి అలవాటుకూ ఒక అతి చిన్న రూపం పెట్టుకోండి. వ్యాయామం కుదరని రోజు పది గుంజీలు. డైరీ కుదరని రోజు ఒక్క వాక్యం.

ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే ముడిపెట్టడం కూడా పనిచేస్తుంది. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త దీని మీద ఏళ్ల తరబడి పరిశోధించారు. "వ్యాయామం చేయాలి" కంటే "లాప్‌టాప్ మూయగానే బూట్లు వేసుకుంటాను" అన్నది జరిగే అవకాశం ఎక్కువ.

ఫోన్ చూడటం ఎలా తగ్గించాలి?

మనోబలంతో కాదు, దూరంతో. పని గదిలో పెట్టుకోకండి, రాత్రి మంచం పక్కన పెట్టుకోకండి, అలారానికి విడిగా గడియారం కొనుక్కోండి.

పడుకున్నాక బుర్రలో పని తిరుగుతూనే ఉంటుంది.

అమెరికాలోని బేలర్ యూనివర్సిటీలో మైకేల్ స్కలిన్ బృందం 57 మంది యువతీయువకుల మీద 2018లో ఒక చిన్న ప్రయోగం ప్రచురించింది. పడుకునే ముందు ఐదు నిమిషాలు కొందరు రాబోయే రోజుల్లో చేయాల్సినవి రాశారు, కొందరు ఇప్పటికే చేసినవి రాశారు. మొదటివాళ్లు సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు, వివరంగా రాసినకొద్దీ ఇంకా త్వరగా. కాగితం మీద రాయండి, ఫోన్‌లో కాదు.

కాఫీ, టీల మీద కూడా ఓ కన్నేయండి. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. సాయంత్రం ఐదింటికి తాగినదాంట్లో సగం రాత్రి పదింటికి కూడా పని చేస్తూనే ఉంటుంది.

నాది బద్ధకమా, బర్నౌటా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను వివరిస్తూ మూడు లక్షణాలు చెప్పింది: శక్తి పూర్తిగా ఇంకిపోయినట్టు ఉండటం, పని మీద విరక్తి, ముందులా పని చేయలేకపోవడం. దాన్ని జబ్బుగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా లెక్కించింది. నేను గమనించినంతలో తేడా ఇలా తెలుస్తుంది. బద్ధకం పని మొదలుపెట్టాక పోతుంది, ఇది పోదు. సెలవు తీసుకున్నా తీరదు, ఇష్టమైనవి కూడా రుచించవు. పని గంటలు, కస్టమర్ల సంఖ్య తగ్గించి చూడండి. నిద్ర, ఆకలి, ఆలోచనలు కొన్ని వారాలుగా దారితప్పి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇది యాప్‌లతో తేలే సంగతి కాదు.

## పెరిగాక, లేదా ఆగాక

మొదటి ఉద్యోగిని ఎప్పుడు తీసుకోవాలి?

పని ఎక్కువైనప్పుడు కాదు, ఒకే రకమైన పని ఎక్కువైనప్పుడు. ఒక నెలపాటు మీరు మళ్లీ మళ్లీ చేసేవి రాసుకోండి. వాటిలో ఒకదాన్ని ఎలా చేస్తారో అడుగడుగునా రాసి, ఆ కాగితం చూసి కొత్తవాళ్లు చేయగలరో లేదో కొన్ని గంటల పనితో పరీక్షించండి. ఆరు నెలల జీతం ఎక్కడినుంచి వస్తుందో తెలియకుండా ఎవరినీ ఉద్యోగం మాన్పించి తెచ్చుకోవద్దు.

మనుషులు పెరిగారు, పని నెమ్మదించింది. ఎందుకు?

ముగ్గురున్నప్పుడు మాట్లాడుకునే జంటలు మూడు. ఆరుగురైతే 15. పదిమందైతే 45. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని జోడిస్తే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాసింది ఈ లెక్కను చూసే. మీటింగ్‌లు పెంచకండి. ఏ నిర్ణయం ఎవరిదో పేరు రాసి పెట్టండి, తీసుకున్న నిర్ణయాలన్నీ ఒకే ఫైలులో ఉంచండి.

ఎప్పుడు ఆపేయాలో ఎలా తెలుస్తుంది?

అమెరికా కార్మిక గణాంకాల విభాగం లెక్కల్లో కొత్త వ్యాపారాల్లో సుమారు ఐదో వంతు మొదటి ఏడాదిలో, దాదాపు సగం ఐదేళ్లలో మూతపడతాయి. కాబట్టి మూసేయడం వింతేమీ కాదు. కష్టమైనది, ఇప్పటిదాకా పెట్టిన డబ్బును తలచుకోకుండా నిర్ణయం తీసుకోవడం. పోయిన డబ్బు ఆపినా రాదు, కొనసాగించినా రాదు. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇవాళ ఈ వ్యాపారం నాది కాకపోయి, ఇదే పరిస్థితిలో ఎవరైనా ఉచితంగా ఇస్తామంటే తీసుకుంటానా?

హద్దు ముందే రాసి పెట్టుకోండి, మనసు నిలకడగా ఉన్నప్పుడు. "డిసెంబరు 31 లోపు నెలకు ఇరవైమంది కస్టమర్లు రాకపోతే, లేదా పొదుపు సగానికి పడిపోతే ఆపేస్తాను" అని తేదీ, అంకెతో రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి. గడువు వచ్చినప్పుడు దాన్ని చదివే పని వాళ్లది.

ఆపాలని తేలాక వరుస ఇది. ముందుగా పనివాళ్ల జీతాలు. తర్వాత కస్టమర్ల అడ్వాన్సులు వెనక్కి. అప్పులవాళ్లకు మీరే ముందుగా ఫోన్ చేసి వాయిదాలు మాట్లాడుకోవడం. నెలనెలా డబ్బు కోసే సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేయడం. లెక్కలు, బిల్లులు, ఒప్పందాలు పన్నుల చట్టం ఎన్నేళ్లు ఉంచమంటే అన్నేళ్లు భద్రపరచడం. డొమైన్ పేరు, అంటే మీ వెబ్‌సైట్, మెయిల్ చిరునామా, మాత్రం ఇంకో ఏడాది రెన్యూ చేసి ఉంచండి, పాత కస్టమర్ల మెయిళ్లు కొన్ని నెలలదాకా వస్తూనే ఉంటాయి.